ఎంసీబీ పదేపదే ట్రిప్ అవుతోందా? పెద్దది వేయించే ముందు ఇవి తెలుసుకోండి

ఎండాకాలం రాత్రి. ఏసీ వేసి పావుగంట కాలేదు, టప్‌మని పడకగదిలో కరెంటు పోయింది. వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, పక్క ఫ్లాట్‌లో టీవీ మోగుతోంది. అంటే సమస్య మన ఇంటి ఎంసీబీ బాక్సులోనే. మీట పైకి లేపితే మళ్లీ కిందికి పడుతోంది. ‘చిన్నది పెట్టారు సార్, 32 ఆంప్స్ వేసేద్దాం, ఇక పడదు’ అంటాడు వచ్చిన ఎలక్ట్రీషియన్. నిజమే, ఇక పడదు. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

మారేడుపల్లి, పద్మారావునగర్, చిలకలగూడ వంటి పాత కాలనీల్లో చాలా ఇళ్లకు ఒకప్పుడు ఫ్యాన్లు, లైట్ల లెక్కతో వైరింగ్ చేశారు. ఇప్పుడు అదే వైర్ల మీద ఏసీలు, గీజర్లు నడుస్తున్నాయి. కరెంటు మంటలు ఎంత నష్టం చేస్తాయో సికింద్రాబాద్‌కు తెలియంది కాదు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ కారణం కావచ్చని అధికారులు అప్పట్లో ప్రాథమికంగా చెప్పారు.

ఎంసీబీ కాపాడేది దేన్ని?

ఏసీనో ఫ్రిజ్‌నో కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాపాడేది గోడలోని వైరును. లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. లోడ్ ఎక్కువై వేడెక్కితే వంగే లోహపు పట్టీ ఒకటి. షార్ట్ సర్క్యూట్ అయితే రెప్పపాటులో కరెంటు తెంచే కాయిల్ మరొకటి.

ఒక లెక్క చూద్దాం. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సుమారు 20 ఆంప్స్ మోస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ 8, రెండు కిలోవాట్ల గీజర్ 9, ఇస్త్రీ పెట్టె 4, మైక్రోవేవ్ 5 ఆంప్స్ వరకు లాగుతాయి. అన్నీ ఒకే లైన్ మీద ఉంటే 26 ఆంప్స్. అక్కడ 16 ఆంప్స్ ఎంసీబీ ఉంటే గంటలోపే ట్రిప్ అవుతుంది. 32 ఆంప్స్‌ది ఉంటే కదలదు. వైరు మాత్రం గోడలో కాలుతూనే ఉంటుంది.

పాడైందా? పని చేస్తోందా?

ట్రిప్ అయిన ప్రతి ఎంసీబీ పాడైనట్టు కాదు. ముందు ఆ లైన్ మీదున్న ప్లగ్గులన్నీ తీసి, స్విచ్‌లు ఆపేయండి. రెండు నిమిషాలు చల్లారనిచ్చి, మీట ఒకసారి పైకి లేపండి.

• వెంటనే పడితే: వైరింగ్‌లో షార్ట్ ఉండొచ్చు, లేదా ఎంసీబీ పాడై ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్ పరీక్షించాల్సిందే.
• ఒక పరికరం పెట్టగానే పడితే: లోపం ఆ పరికరంలో ఉండొచ్చు.
• అన్నీ వాడుతుంటే కాసేపటికి పడితే: అది ఓవర్‌లోడ్. ఎంసీబీ తన పని తాను చేస్తోంది.
• కాలిన వాసన, నల్లబడిన ప్లాస్టిక్, జుయ్‌మనే శబ్దం, వదులైన మీట ఉంటే: మళ్లీ ఆన్ చేయొద్దు. మార్చాల్సిందే.

ఏది కొనాలి?

పాతదాని మీద ‘సి16’, ‘బి10’ వంటి గుర్తు ఉంటుంది. ఫొటో తీసుకుని అదే రేటింగ్‌ది తెచ్చుకోండి. పెద్దది కావాలంటే ముందు వైరు మారాలి. ఏసీకి, గీజర్‌కు బాక్సు నుంచి విడివిడి లైన్లు వేయించుకోవడమే సరైన పరిష్కారం.

రాణిగంజ్‌లో కొన్నా, కోఠి ట్రూప్ బజార్‌లో కొన్నా ఐఎస్ఐ మార్కు చూడండి. దాని కింద ఉండే లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. బిల్లు తప్పనిసరిగా తీసుకోండి.

ఎంసీబీ షాక్ నుంచి కాపాడదు. ఆ పని ఆర్‌సీసీబీది. కనెక్టెడ్ లోడ్ 2 కిలోవాట్లు, అంతకు మించి ఉన్న ఇళ్లలో 30 మిల్లీ ఆంప్స్‌కు మించని లీకేజీకే ట్రిప్ అయ్యే పరికరం ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. దాని మీద ‘టీ’ అని ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడండి. ట్రిప్ కాకపోతే మార్చాలి.

ఎవరు మార్చాలి?

మీటర్ వరకు బాధ్యత టీజీఎస్‌పీడీసీఎల్‌ది. మీటర్ దాటాక ఇంటి యజమానిది. సామర్థ్యం మారకుండా బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌ల వంటివి మార్చుకోవడం మినహా, వైరింగ్ పనులు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ద్వారానే జరగాలన్నది నిబంధన. అందుకే వచ్చిన వ్యక్తికి వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. సొంతంగా ప్రయత్నించొద్దు. కారణాలు ఇవీ:

• మెయిన్ ఆపినా, దానికి మీటర్ నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. మెయిన్‌నే మార్చాలంటే కింద మీటర్ బోర్డు దగ్గర సరఫరా ఆపాలి.
• ఇన్వర్టర్ ఉంటే, మెయిన్ ఆపగానే అది అందుకుంటుంది. దాన్నీ ఆపాలి.
• పని మొదలుపెట్టే ముందు టెస్టర్‌తో కరెంటు లేదని నిర్ధారించుకోవాలి.
• స్క్రూ సరిగా బిగించకపోతే కొత్త ఎంసీబీ కూడా అక్కడే వేడెక్కి కాలుతుంది.

1912కు ఎప్పుడు ఫోన్ చేయాలి?

ఇల్లంతా కరెంటు పోయినా, లైట్లు ఒక్కసారిగా మితిమీరి వెలిగినా, మీటర్ దగ్గర నిప్పురవ్వలు వచ్చినా 1912కు ఫోన్ చేయండి. మీటర్ సీల్‌ను తాకొద్దు. దాన్ని తొలగిస్తే విద్యుత్ చట్టం, 2003 కింద కేసు ఎదుర్కోవాల్సి రావొచ్చు. బాక్సులో మంట కనిపిస్తే నీళ్లు పోయొద్దు. వీలైతే కింద మీటర్ బోర్డు దగ్గర సరఫరా ఆపి, ఇంట్లోవాళ్లను బయటికి పంపి, 101కి ఫోన్ చేయండి.

సింగిల్ పోల్ ఎంసీబీ ధర కొన్ని వందల రూపాయలే. ఈసారి అది పడిపోతే ‘ఎంత పెద్దది వేద్దాం’ అని కాదు, ‘ఈ వైరు ఎన్ని ఆంప్స్ మోస్తుంది’ అని ఎలక్ట్రీషియన్‌ను అడగండి.