క్లచ్ పెడల్ మెత్తగా కిందకి పోతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి!

ఉదయాన్నే కిరాయికి బయల్దేరే టైమ్‌లో పాత వ్యాన్ మొరాయిస్తుంది. క్లచ్ తొక్కితే పెడల్ మెత్తగా కిందకి పోతుంది, గేర్ పడదు. ‘క్లచ్ ప్లేటు పోయింది’ అనుకుని చాలామంది వెంటనే గేర్‌బాక్స్ దింపించేస్తారు. డబ్బుకు డబ్బు ఖర్చు, ఆ రోజుల్లో కిరాయిలూ పోతాయి. తీరా విప్పి చూస్తే ప్లేటు బాగానే ఉంటుంది. అరిగింది సిలిండర్‌లోని చిన్న రబ్బరు సీలు! మరి అసలు లోపం ఎక్కడుందో ముందే కనిపెట్టడం ఎలా?

ముందు ఏ రకం క్లచ్చో చూడాలి

మారుతీ ఆమ్ని లాంటి చిన్న వ్యాన్లలో క్లచ్‌కి కేబుల్ ఉంటుంది. హైడ్రాలిక్ క్లచ్‌లో ఆ పని ఆయిల్ చేస్తుంది. పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్ రాడ్ బయటికొచ్చి క్లచ్ ఫోర్క్‌ను తోస్తుంది. మధ్యలో గాలి చేరినా, ఎక్కడైనా లీకైనా ఆ తోపుడు తగ్గిపోతుంది.

లక్షణం బట్టే లోపం

* పెడల్ నాలుగైదు సార్లు గబగబా కొడితే గేర్ పడుతోందా? అయితే గాలి చేరడమో, లీకో, సీలు అరగడమో కారణం కావచ్చు.
* రివర్స్ వేస్తే గరగరమంటోందా? క్లచ్ పూర్తిగా విడటం లేదని అర్థం. హైడ్రాలిక్ భాగాలనే ముందు అనుమానించాలి.
* ఇంజిన్ రేజ్ అవుతున్నా బండి లాగడం లేదా, కాలిన వాసన వస్తోందా? ఇది ఎక్కువగా ప్లేటు అరుగుదలే.
* పెడల్ తొక్కినప్పుడే శబ్దం వస్తుంటే రిలీజ్ బేరింగ్ వైపు చూడాలి.

ఇంటి దగ్గరే చేసుకునే చెకింగ్

బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరొద్దు.

మొదట ఆయిల్ డబ్బాలో లెవెల్ చూడాలి. తగ్గితే లీకును వెతకాలి. క్యాబిన్ లోపల పెడల్ రాడ్ దగ్గర తడిగా ఉంటే మాస్టర్ సిలిండర్ సీలు పోయినట్టే. స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు పక్కకి జరిపితే ఆయిల్ కారుతోందా? లోపం అక్కడే ఉంది.

బయట ఎక్కడా తడి లేకపోతే ఇంకో టెస్ట్ ఉంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, క్లచ్ తొక్కి వెంటనే రివర్స్ వేయాలి. తర్వాత న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్‌ను ఒక నిమిషం తొక్కిపట్టి మళ్లీ వేయాలి. మొదటిసారి సాఫీగా పడి, రెండోసారి గరగరమంటే మాస్టర్ సిలిండర్ లోపల్లోపలే ఆయిల్ వెనక్కి జారుతోందన్నమాట. బండి వెనకాల ఎవరూ లేకుండా చూసుకున్నాకే ఈ టెస్ట్ చేయాలి.

చివరిగా ఇంజిన్ ఆపి, ఒకరు క్లచ్ తొక్కుతుంటే మరొకరు స్లేవ్ రాడ్‌ను చూడాలి. రాడ్ కొంచెమే కదిలితే లోపం హైడ్రాలిక్‌లోనే. బాగా కదులుతున్నా గేర్ పడకపోతే ఫోర్క్, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ వంటివి చూడాలి. గేర్‌బాక్స్ దించాల్సి వచ్చేది అప్పుడే. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉండే మోడళ్లలో మాత్రం ఈ టెస్ట్ కుదరదు.

గాలి తీసేది ఇలా

ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. రెండోవారు స్లేవ్ సిలిండర్ నిపుల్ వదులు చేసి, గాలి బుడగలు బయటికొచ్చాక బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. బుడగలు ఆగేవరకు ఇదే వరస. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్లీ గాలి చేరి పని మొదటికొస్తుంది.

ఇందులో వాడేది బ్రేక్ ఆయిలే. డబ్బా మూతపై డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

కొన్ని బండ్లలో బ్రేకుకీ, క్లచ్‌కీ ఒకటే డబ్బా ఉంటుంది. అలాంటి చోట క్లచ్ లీకును వదిలేస్తే బ్రేకుకూ ముప్పే. లెవెల్ పదేపదే తగ్గుతుంటే పైన ఆయిల్ పోసి సరిపెట్టుకోకుండా, ముందు లీకు ఆపించాకే బండిని రోడ్డెక్కించాలి.