ఆపరేషన్ తర్వాతి ఆరు వారాలు

పిత్తనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిపోతే గండం గట్టెక్కినట్టే అనుకుంటాం. కానీ కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని చేర్చే ఆ సన్నటి గొట్టాన్ని ఆనుకునే కాలేయానికి వెళ్లే రక్తనాళాలుంటాయి. అందువల్ల సర్జన్ ఎంత నేర్పరి అయినా కణితి చుట్టూ కావలసినంత మేర కోసి తీయడం అన్నిసార్లూ కుదరదు. కాబట్టి ఆ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో రెండు సంగతులు చూడాలి: కోత అంచున క్యాన్సర్ కణాలు మిగిలాయా, లింఫు గ్రంథులకు పాకిందా? రెండింటిలో ఏది ఉన్నా రేడియేషన్ గురించి వైద్యులను అడిగి తీరాలి. అయితే భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం వైపు రోగికి ఆ చికిత్స పూర్తిగా అందాలంటే ఖర్చుకు డబ్బొక్కటే చాలదు, హైదరాబాదులో ఆరు వారాలు తలదాచుకునే చోటు కూడా కావాలి.

రేడియేషన్ మేలు చేస్తుందనడానికి రుజువేదీ అంటారు కొందరు. ప్రశ్న న్యాయమైనదే. ముందు కీమో మాత్రల సంగతి చూద్దాం. 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం బిల్‌క్యాప్‌లో 447 మంది పాల్గొన్నారు. ఆరు నెలలు కేపెసిటబిన్ అనే కీమో మాత్రలు వాడినవారిలో మధ్యస్థ ఆయుష్షు (మీడియన్) సుమారు 51 నెలలు, వాడనివారిలో 36. అందుకే నేడు ఎక్కువమందికి మొదటి సలహా ఆ మాత్రలే. రేడియేషన్‌కు అంత పెద్ద అధ్యయనం లేదు. కానీ 2015లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 79 మందికి కీమో ఇచ్చి, ఆపైన రేడియేషన్ జోడించారు. అంచు శుభ్రంగా ఉన్నవారిలో 67 శాతం, కణాలు మిగిలినవారిలో 60 శాతం రెండేళ్లు దాటి బతికారు. పోల్చడానికి మరో జట్టు లేదు కనుక ఇది తిరుగులేని రుజువు కాదు. అయినా కణాలు మిగిలినవారు మిగతావారికి అంత దగ్గరగా నిలవడం తోసిపుచ్చదగ్గ విషయం కాదు. అందరికీ రేడియేషన్ అక్కర్లేదు, అవసరమైనవారికి మాత్రం దూరం అడ్డు కాకూడదు.

ఈ చికిత్స వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. ఒంటిమీద గీసిన గుర్తులు చెరగకుండా చూసుకుంటూ రోజూ అదే బల్లమీద అదే భంగిమలో పడుకోవాలి. భద్రాచలం నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. రోజూ వచ్చిపోవడం కుదిరే పని కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. అది ఆసుపత్రి ఖర్చుకు ఆసరా. తోడొచ్చిన మనిషి పోగొట్టుకునే కూలికీ, ఇద్దరి గది అద్దెకూ అది సరిపడదు. ఏజెన్సీకి దగ్గర్లోనే మెషిను పెట్టించవచ్చు కదా అంటే, ఆ కోరిక సబబే. కానీ దానికి మందపాటి కాంక్రీటు గది, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, నిపుణులు కావాలి. రోగి అంతవరకు ఆగలేడు. కాబట్టి సాయం చేయాలనుకునే ప్రవాస తెలుగు సంఘాలు భవనాల మీద పేర్లకన్నా ముందు, హైదరాబాదులోని ఎంఎన్‌జే వంటి క్యాన్సర్ ఆసుపత్రుల దగ్గర రోగికీ తోడున్నవారికీ బస, భోజనం, కోయ భాష తెలిసిన ఒక సహాయకుణ్ణి సమకూర్చాలి.