బాణీ కట్టిన చేయి

కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి తెలుగువారికి కొత్త కాదు. ఆయన 'జయ జయ ప్రియ భారత'ను బడిలో పాడకుండా పెద్దయినవాళ్ళు తక్కువ. ఆ గీతానికి వరస కట్టిన మేనకోడలు వింజమూరి అనసూయాదేవిని మాత్రం 'జానపద గాయని' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. ఆ మాట చాలదు. 1920లో కాకినాడలో పుట్టి, 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూసిన ఆమె ముందుగా స్వరకర్త. పల్లె పాటలు ఆమెకు పాడుకోవడానికే కాదు, బాణీ కట్టే విద్య నేర్చుకోవడానికీ బడి అయ్యాయని నా నమ్మకం.

పల్లె వరసకు ఆకారమిచ్చేది పని. గోదావరి చేలల్లో ఊడ్పుల పాట చాలావరకు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతుంది. నడుం వంచి నారు నాటే మనిషికి తారస్థాయి అందుకునే ఊపిరి ఎక్కడిది? ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవాలి గనక పల్లవి పొట్టిది, తిరిగి తిరిగి వస్తుంది. దంపుళ్ళ పాటకు రోకటి పోటే తాళం. ఇప్పుడు 'ప్రియ భారత' బాణీని తలుచుకోండి. కృష్ణశాస్త్రి సమాసాలు బరువైనవి. అయినా సరిగమలు రాని వందమంది పిల్లలు ఒక్క గొంతుగా పాడగలుగుతున్నారంటే, పదిమంది అందుకునే పల్లె పాట కిటుకు ఆ వరసలో ఉన్నట్టే. ఇక అనసూయ, సీత అక్కచెల్లెళ్ళ గొంతుల్లో ఊరూరా తిరిగిన 'మొక్కజొన్న తోటలో' కొనకళ్ళ వెంకటరత్నం రాసిన గేయం. దాన్ని జానపదమే అనుకునేవారు ఈనాటికీ ఉన్నారు. కవి పేరు మరుగున పడటం అన్యాయమే. కానీ ఆ పొరపాటు వరసకు దక్కిన మెప్పు కూడా.

హార్మోనియం పెట్టి, వేదికెక్కించి పల్లె పాట సహజత్వాన్ని పోగొట్టారనే ఆక్షేపణ ఒకటుంది. కొంత పోయిన మాట నిజమే. అయితే చేను లేని చోట ఊడ్పు పాట చేసే పని వేరు; అక్కడది వినడానికే ఉంటుంది, కాబట్టి మారక తప్పదు. అమెరికన్ స్వరకర్త ఏరన్ కోప్‌లాండ్ 1944లో 'అపలాచియన్ స్ప్రింగ్' నృత్యనాటకంలో షేకర్లనే క్రైస్తవ శాఖవారి పాత పాటొకదాన్ని తీసుకుని, వాద్యాలు మార్చి మార్చి వినిపించాడు. ఆయన్ని ఎవరూ పాటల సేకర్త అని వదిలేయలేదు, మరుసటి ఏడు పులిట్జర్ ఇచ్చారు. మన త్యాగరాజు 'నౌకాచరిత్రం'లో పడవ పాటల పోకడ పెడితే వాగ్గేయకారుడనే అన్నాం. అదే పని ఒక స్త్రీ చేస్తే 'గాయని' దగ్గరే ఎందుకు ఆగాలి?

దీనికన్నా గట్టి ఆక్షేపణ మరొకటి: ఆ వరసలు మొదట ఎవరివి? కోప్‌లాండ్ తీసుకున్న పాటను 1848లో జోసెఫ్ బ్రాకెట్ కట్టాడని చరిత్రకు తెలుసు. మన ఊడ్పుల పాటలు కట్టిన ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అనసూయాదేవిని స్వరకర్త అన్నంత మాత్రాన ఆ బాకీ తీరదు. ఆమె జానపద గేయాల పుస్తకాలు వేసి, నోటి మీద ఉన్నవాటిని అచ్చుకెక్కించారు. పేర్లు పోయినా పాటలు కొన్ని దక్కాయి. ఇవాళ వాటిని వేదిక మీద పాడేవారు ఇది ఊడ్పుల పాటా, దంపుళ్ళ పాటా, ఏ సీమదో ముందుగా చెప్పి మొదలుపెట్టవచ్చు. దానికి పట్టేది అర నిమిషం.