పురుగు రూపును పట్టి చూపు ఛాయాచిత్రములు

మిరపతోటలో ముడత కనబడగానే రైతు దుకాణమునకు బోయి "ఏ మందు కొట్టవలెను?" అని యడుగును. అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. "ఇది యే పురుగు?" అనునది ఆ ప్రశ్న. ఆకు అంచులు పైకి లేచి దోనెవలె ముడుచుకొనినచో అది పై ముడత. తామరపురుగు చేసిన పని. అంచులు క్రిందికి వంగి, బోర్లించిన పడవవలె నున్నచో అది క్రింది ముడత. నల్లి చేసిన పని. ఈ నల్లి పురుగుల జాతిలోనిదే కాదు, సాలీడు వర్గమునకు జెందిన ప్రాణి. తామరపురుగునకై కొట్టిన మందు దానిమీద పనిచేయకపోవచ్చును. సింథటిక్ పైరిత్రాయిడు మందులు పదేపదే కొట్టిన చోట్ల నల్లి తగ్గుటకు మారుగా పెచ్చుపెరుగుటయు కలదు. కంటికానని ప్రాణి రూపు తెలియమి చేత రైతు సంచిలోని రూపాయలు ఈ విధముగా నేలపాలగుచున్నవి.

తామరపురుగు పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. దానిని పెద్దదిగా జేసి ఛాయాచిత్రము తీయుట సులభమని తోచును గాని, కటకము ఎంత పెద్దదిగా జూపునో అంత పలుచని పొర మాత్రమే స్పష్టముగా వచ్చును. పదిరెట్లు చూపు సూక్ష్మదర్శిని కటకమును కెమెరాకు తగిలించినచో స్పష్టమగు పొర మందము కొద్ది మైక్రానులే. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అందుచేత పురుగు కన్ను తేటగా వచ్చినచో మీసము మబ్బుగా నుండును. మీసము తేటపడినచో కన్ను చెదరిపోవును. కటకపు రంధ్రమును చిన్నది చేసినచో పొర మందమగును గాని, సన్నని సందున దూరిన వెలుగు చెదరి చిత్రమంతయు మసకబారును.

దీనికి కనిపెట్టిన ఉపాయమును ఫోకసు స్టాకింగు అందురు. స్టాకింగనగా కుప్పవేయుట. మనము వరిపనలను కుప్పవేసినట్లు వీరు చిత్రములను కుప్పవేయుదురు. కెమెరాను కొద్ది మైక్రానుల చొప్పున ముందుకు జరుపుచు, ఒక్కొక్క జరుపునకు ఒక్కొక్క చిత్రము తీయుదురు. కుప్ప నూర్చి గింజను తీసికొని గడ్డిని వదలినట్లు, కంప్యూటరు ప్రతి చిత్రమునుండియు తేటగా నున్న భాగమును గ్రహించి మబ్బుగా నున్న దానిని విడిచి, అన్నింటిని ఒక్క చిత్రముగా గూర్చును.

యంత్రము క్రొత్తదే గాని ఆలోచన పాతది. 1665 సంవత్సరమున ఇంగ్లండులో రాబర్టు హుక్కు ప్రకటించిన మైక్రోగ్రాఫియా గ్రంథమందలి గోమారి వంటి పురుగుల బొమ్మలు నేటికిని ప్రసిద్ధములు. ఆయన ఒక్క చూపులో గీచినవాడు కాడు. పలు వెలుగులలో, పలు ప్రక్కలనుండి చూచి నిజరూపు తేలిన పిమ్మటనే చేతికి కలము పట్టితినని పీఠికలో చెప్పుకొనెను. కంప్యూటరు నేడు చేయుచున్న పనిని ఆయన తన మనస్సులో జేసెననవచ్చును.

ఈ విద్యకు పరాకాష్ఠ 2016లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో కనబడినది. లెవాన్ బిస్ అను ఛాయాచిత్రకారుడు అచ్చటి పురుగులను పది మైక్రానుల జరుపుతో తీసెను. ఒక్క పురుగును ముప్పది వరకు భాగములుగా విభజించి, ప్రతి భాగమునకు వేరు వెలుగు అమర్చెను. ఒక్కొక్క చిత్రమునకు ఎనిమిదివేలకు పైగా తీతలు పట్టినవి, వారములు గడచినవి. వ్రేలి గోటిమీద నిలుచు పురుగు గోడంత చిత్రమయ్యెను. చూచుటకు అద్భుతమే. అయినను మనకు అంత పని యక్కరలేదు. కొన్ని పదుల తీతల కుప్పతోనే పురుగు గుర్తులు తేటపడును.

కష్టములును లేకపోలేదు. పురుగు కదలరాదు గనుక చచ్చినదానినే తీయవలెను. దుమ్ము దులుపనిచో ధూళికణమే గుండ్రాయివలె కనబడును. ప్రక్కన నడచిన అడుగు అదురునకే చిత్రము చెడును. వెండ్రుకలు ఒకదానిపై నొకటి పడిన చోట కంప్యూటరు తప్పుగా గూర్చి లేని అంచులను పుట్టించును. కావున చిత్రమును అసలు పురుగుతో సరిచూడక నమ్మరాదు.

ఇట్టి చిత్రములలో తామరపురుగు రెక్క రెక్కవలె నుండదు; సన్నని కాడకు ఇరుప్రక్కల కుచ్చువలె వెండ్రుకలు వ్రేలాడుచుండును. నోట ఎడమ దవడ మాత్రమే పెరిగియుండును. దానితో ఆకును గ్రుచ్చి రసము పీల్చును. మనవారు చిరకాలముగా నెఱిగిన తామరపురుగు లేత పసుపు వన్నెది, లేత ఆకులను ఆశ్రయించునది. 2015లో బెంగుళూరున బొప్పాయిమీద మొదట గుర్తింపబడి, 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరపతోటలను పాడుచేసిన నల్ల తామరపురుగు వేరు జాతి. ఆడుపురుగు ముదురు గోధుమవన్నెది. రెక్కలు నల్లగా నుండి మొదళ్లు మాత్రము తెల్లబారి యుండును. అది పూలలో దాగి పూతను రాల్చును. ఆ యేడు ఆకునే చూచి పూవు విప్పి చూడనివారు పురుగును ఆలస్యముగా గుర్తించి యుందురు. శాస్త్రజ్ఞులు నిశ్చయించుటకు మీసపు కణుపులను, రెక్క నరములపై వెండ్రుకల వరుసలను లెక్కింతురు. తేటయైన చిత్రము ఉన్నచో ఆ లెక్క దూరముననున్నవారును చేయగలరు.

అన్ని పురుగులకు ఇంత శ్రమ లేదు. 2018లో కర్ణాటకమున ప్రవేశించి మన మొక్కజొన్నకు వచ్చిన కత్తెర పురుగునకు తలపై తలక్రిందైన వై అక్షరము, తోకవైపు చదరముగా నాలుగు నల్లచుక్కలు ఉండును. పదిరెట్ల భూతద్దము చాలును. సంఘమునకు అట్టి అద్దమొకటి, ఫోనుకు తగిలించు చిన్న కటకమొకటి కొని కార్యాలయమున ఉంచుట మంచిది. ఉదయపు చలిలో పురుగులు మందముగా నుండును. చిత్రము తీయుటకు అదియే తగిన వేళ. ప్రక్కన కొలబద్ద నుంచి, పైనుండి యొకటి, ప్రక్కనుండి యొకటి తీయవలెను. చిత్రమొక్కటే పంపిన చాలదు. పురుగులను కొన్నింటిని చిన్న సీసాలో డెబ్బది వంతుల ఆల్కహాలునందు వేసి, ఊరు, పైరు, తేది వ్రాసిన చీటిని లోపలనే యుంచి కృషి విజ్ఞాన కేంద్రమునకు పంపవలెను. చీటిని పెన్సిలుతోనే వ్రాయవలెను. సిరా ఆల్కహాలులో కరిగిపోవును.