గోడకాగితం కింద ఉత్తరం

1999 జూన్ 28వ తేదీన బి.బి.సి.లో ఒక హాస్య ధారావాహిక ముగిసింది. దాని పేరు 'గుడ్‌నైట్ స్వీట్‌హార్ట్'. 1993 నవంబరులో మొదలై ఆరు విడతలుగా, 58 భాగాలుగా నడిచిన ఆ కథను మేము ఆలస్యంగానే చూచాము. అన్ని భాగాలకూ హాయిగా నవ్వుకున్న మేము చివరి భాగం అయిన తరువాత చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆ సంగతే పాఠకులతో పంచుకోదలచాము.

గ్యారీ స్పారో లండను నగరంలో టెలివిజన్లు బాగుచేసే సామాన్యుడు. ఒకనాడు పనిమీద తిరుగుతూ డకెట్స్ పాసేజ్ అనే సందులో నడిచి, బాంబులు కురుస్తున్న 1940వ సంవత్సరంలో తేలుతాడు. మన 'ఆదిత్య 369' (1991)లో కాలప్రయాణానికి ఒక శాస్త్రజ్ఞుడు, ఒక యంత్రం కావలసి వచ్చాయి. ఇక్కడ మలుపు తిరిగితే చాలు. ఆ వైపున రాయల్ ఓక్ అనే పానశాలలో ఫీబీ కనిపిస్తుంది. ఈ వైపున ఇంట్లో భార్య ఇవోన్ ఎదురుచూస్తూ ఉంటుంది. నికొలస్ లిండ్‌హర్స్ట్ ఈ ఇద్దరి నడుమ ఆరు విడతలు పరుగెత్తాడు. మధ్యలో నాయికల పాత్రధారిణులిద్దరూ మారిపోయినా ఆ పరుగు ఆగలేదు.

హాస్యమంతా అబద్ధాలలోనే ఉన్నది. ఇంకా పుట్టని బీటిల్స్ పాటలను పానశాలలో పియానో వాయిస్తూ పాడి, తానే కట్టానని చెప్పుకుంటాడు. అచ్చుపని తెలిసిన మిత్రుడు రాన్ ఆ కాలపు తెల్లని అయిదు పౌండ్ల నోట్లు ముద్రించి ఇస్తాడు. ఎన్నాళ్లిలా గడుస్తుందని చూచేవారికే భయం వేస్తుంది. అతడు ఫీబీని పెండ్లాడతాడు, కొడుకు పుడతాడు, అయినా సందు దాటి ఇవోన్ దగ్గరకు వస్తూనే ఉంటాడు.

బదిలీల మీద తిరిగిన మన ఉద్యోగ కుటుంబాలకు రెండిళ్ల బరువు తెలియనిది కాదు. కాలనీ క్వార్టరులో ఒకరు, పిల్లల చదువుల కోసం ఊళ్లో మిగిలినవారు ఒకరు. అయితే మన రెండిళ్ల నడుమ రైలుబండి ఉంటుంది గాని దాపరికం ఉండదు. గ్యారీని చూచి నవ్వుతూనే మనసులో అతణ్ణి నిలదీయడం అందుకే కాబోలు.

చివరి భాగం 1945లో, యుద్ధం ముగిసే తరుణంలో జరుగుతుంది. క్లెమెంట్ అట్లీపై జరిగిన హత్యాప్రయత్నాన్ని గ్యారీ అడ్డుకుంటాడు. ఆ వెనువెంటనే కాలద్వారం మూసుకుపోతుంది. ఈ ఒక్క పనికోసమే కాలం తనను ఇటు రానిచ్చిందేమోనన్న భావన మిగులుతుంది.

అట్లీ పేరు వినగానే బ్రిటిష్ ప్రేక్షకులకు 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవ గుర్తుకు రావచ్చు. మనకు గుర్తుకు వచ్చేది వేరు. 1948 జూన్‌లోగా భారతీయులకు అధికారం అప్పగిస్తామని 1947 ఫిబ్రవరి 20న ప్రకటించిన ప్రధాని ఆయనే. అంతకుముందు సైమన్ కమిషన్‌లో సభ్యుడూ ఆయనే. ఆ కమిషన్‌ను వ్యతిరేకిస్తూ 1928లో మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకీకి రొమ్ము చూపిన ఉదంతం మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఒక టెలివిజన్ మరమ్మతుదారు సమయానికి అడ్డుపడకపోతే మన చరిత్ర ఏ తేదీన ఎలా నడిచేదో! కథ కల్పితమే అయినా ఈ ఆలోచన మమ్మల్ని కాసేపు వదలలేదు.

కాని మా మనసు నిలిచిపోయినది అట్లీ దగ్గర కాదు. తిరిగిరాలేనని తెలిసిన గ్యారీ గోడమీద సందేశం రాస్తాడు. దానిపై గోడకాగితం పడుతుంది. 1999లో ఆ కాగితం ఊడివచ్చినప్పుడు రాన్, ఇవోన్ దానిని చదువుతారు. నడుమ 54 సంవత్సరాలు. ఆ ఉత్తరం చేరింది గాని, ఇవోన్ జవాబు రాయడానికి చిరునామా లేదు. అన్నేళ్లూ మోసపోయిన మనిషికి కోపగించుకోవడానికైనా ఎదుట ఎవరూ లేరు. క్వార్టరు ఖాళీచేసేటప్పుడు సున్నం కింద పిల్లల ఎత్తులు కొలిచిన పెన్సిలు గీతలు బయటపడితే చూచినవారికి ఆ దృశ్యం వెంటనే బోధపడుతుంది.

2016 సెప్టెంబరులో ఒక ప్రత్యేక భాగం వచ్చింది. 1962లో తన పుట్టుకను తానే చూడబోయిన గ్యారీ 2016లోకి విసిరివేయబడతాడు. తనకు తెలియకుండా పుట్టి పెరిగిన కూతురు ఎల్లీ అక్కడ ఎదురవుతుంది. భాగం సరదాగానే ఉన్నది. అయినా మూసిన తలుపును మళ్లీ తెరవడం మాకు అంతగా రుచించలేదు. మా ఇంట్లో ఆడవారు మాత్రం ఒప్పుకోలేదు. ఆ మనిషి ముఖాముఖి నిలబడి ఇవోన్‌కు సమాధానం చెప్పుకోవలసిందేనని, అందుకు పదిహేడేళ్లు పట్టినా సరేనని వారి వాదన.