గాలి తగ్గితే గ్యాసు అయిపోయినట్లు కాదు!
ఏసీ ఉన్న ఇళ్లవారు తెలుసుకోదగ్గ సంగతులు

(మా గ్రామీణ విలేకరి)

పిడుగురాళ్ల: ఒకప్పుడు పట్నంలో సినిమా హాలుకో, బ్యాంకుకో పోతే తప్ప కనిపించని ఏసీ నేడు పల్నాటి పల్లెల్లోనూ గోడకెక్కింది. రెంటచింతల ఎండలు ఎరిగినవారెవరూ దీన్ని విలాసమనరు. ఇంట్లో ముసలివారు, పసిపిల్లలు ఉంటే మరీను. అయితే నడివేసవిలో ఏసీ గాలి సన్నగిల్లగానే గ్యాసు అయిపోయిందనుకుని, మిరపకాయలమ్మిన డబ్బులో వేలు అందుకు పోసేవారున్నారు.

గ్యాసు కిరసనాయిలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి అదే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే. పైగా గదిలోకి గాలి తోసేది గ్యాసు కాదు, లోపలి పెట్టెలోని ఫ్యాను. గాలి జోరుగా వస్తూ చల్లదనం లేకపోవడం ఒక జబ్బు, గాలే రాకపోవడం మరొక జబ్బు.

ముందు చూడవలసింది ఫిల్టరు

సున్నపు బట్టీల పొడి, మిరప కల్లాల దుమ్ము ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. మెయిన్ స్విచ్చి ఆపి, ముందు మూత ఎత్తి దాన్ని బయటకు తీయవచ్చు. మామూలు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్కు వంకర పోతుంది. వేసవిలో పదిహేను రోజులకొకసారి కడగడం మంచిది.

ఫిల్టరు శుభ్రంగా ఉన్నా గాలి రాకపోతే దాని వెనకనున్న రేకుల్లోనో, ఫ్యాను రెక్కల్లోనో మట్టి పేరుకుని ఉండవచ్చు. ఇది మెకానిక్కు చేత సర్వీసు చేయించవలసిన పని. ఫ్యాను కండెన్సరు బలహీనపడినా రెక్కలు నెమ్మదిగా తిరుగుతాయి. రిమోటులో ఫ్యాను వేగం తగ్గించి ఉన్నదేమో, గాలి మళ్లించే రెక్క సగంలో ఇరుక్కున్నదేమో కూడా చూసుకోవాలి.

మంచు కడితే

గాలి సరిగా ఆడకపోతే లోపలి రేకులు మరీ చల్లబడి, వాటిపై తేమ మంచుగా గడ్డకడుతుంది. అప్పుడు గాలికి దారే ఉండదు. ఆపిన తరువాత గోడ వెంబడి నీళ్లు కారుతాయి. ఇలాంటప్పుడు చల్లదనం ఆపి, మంచు కరిగేవరకు ఫ్యాను మాత్రమే నడపాలి. పుల్లలతో, కత్తులతో గీకరాదు. ఫిల్టరు, రేకులు శుభ్రంగా ఉండి కూడా మళ్లీ మళ్లీ మంచు కడుతుంటే అప్పుడు గ్యాసును అనుమానించవచ్చు.

రాత్రిపూట ఊరంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజి పడిపోవడం మరో కారణం. ఆ వేళ సీలింగు ఫ్యాను కూడా నెమ్మదించి, దీపాలు మసకబారితే లోపం ఏసీది కాదు. విద్యుత్ కార్యాలయంలో ఫిర్యాదు చేయాలి. ఏసీ పెట్టుకున్నవారు తమ లోడును నమోదు చేయించుకోవడమూ అవసరమే.

మెకానిక్కు గ్యాసు తగ్గిందంటే, కారే చోటు చూపించి, దాన్ని మూసిన తరువాతే నింపమనాలి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాసుకు కొంత అంటుకునే గుణం ఉంది కనుక పని తెలిసినవారినే పిలవాలి. ఫిల్టరు కడగడానికి మాత్రం ఎవరినీ పిలవనక్కరలేదు. బిందెడు నీళ్లు, పావుగంట తీరిక చాలు.