మంచులేని దేశపు చలి

ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెము ప్రాంతములనుండి బిడ్డలను మెల్‌బోర్నునకో ఆక్లండునకో పంపిన తలిదండ్రులు, కుమార్తె పురిటికని ఆషాఢమున బయలుదేరునపుడు, “అచ్చట మంచు కురియదట గదా” యని ధైర్యము చెప్పుకొందురు. కురియని మాట నిజమే. భూగోళపు దక్షిణార్ధమున నుండుటచే మన ఆషాఢ శ్రావణములే వారికి నడి చలికాలము. జూలైలో మెల్‌బోర్ను రాత్రి ఆరేడు డిగ్రీలకు దిగును. ఆక్లండున కొంచెము హెచ్చు. చిక్కంతయు ఇంటిలోపల నున్నది.

టొరంటోలోని తెలుగువాడు, బయట సున్నకు ఇరువది డిగ్రీలు దిగువనున్నను, ఇంటిలో నూలుచొక్కాతో గూర్చుండును. అచ్చట ఇల్లంతయు ఒకే కొలిమినుండి వెచ్చబడును. గోడలలోను కప్పులోను వేడినాపు పొర యుండును. కిటికీలకు జంట అద్దము లుండును. మెల్‌బోర్ను, ఆక్లండు నగరముల పాతయిండ్లలో పెక్కింటికి ఇవి లేవు. సన్నని చెక్కగోడ, ఒంటి అద్దము, నేలక్రింద గాలి. న్యూజిలండులో క్రొత్తయిండ్లకైనను ఇట్టి పొర వేయవలెనను నిర్బంధము 1978 వఱకు రాలేదు. స్వల్పపు చలికి ఇంత వ్యయమేల యని కట్టినవారు తలచి యుందురు. ఆ పొదుపునకు మూల్యమును అద్దెకున్నవారు చెల్లించుచున్నారు.

కొల్లేటిగట్టున ధనుర్మాసపు మంచు క్రమ్మిన రాత్రి 18 డిగ్రీలన్న మనము దుప్పటి వెదకుదుము. సమశీతోష్ణ, శీతల దేశముల యిండ్లలోపల ఉండవలసిన కనీసపు వేడిమి ఆ 18 డిగ్రీలే యని ప్రపంచారోగ్యసంస్థ 2018 లో సూచించినది. వృద్ధులకును పసివారికిని అంతకు హెచ్చు కావలసియుండును. 2015 లో లాన్సెట్ పత్రికయందు వెలువడిన పరిశోధన 13 దేశములలోని 7 కోట్ల 40 లక్షల మరణములను లెక్కించినది. నూటికి ఏడింటికి చలియు, అరకంటె తక్కువకు ఎండయు కారణములని తేలెను. అందును అధికభాగము ఘోరశీతమువలన గాదు, సామాన్యపు చలివలననే.

మనవారు అచ్చటను తూర్పుముఖపు ఇల్లు వెదకుదురు. వాస్తువును మేము కాదనము. కాని అచ్చట శీతకాలపు సూర్యుడు ఉత్తరపు వైపున సంచరించును గనుక, ఉత్తరపు కిటికీగల గదిని పెద్దల కిచ్చి, పగలు తెర తీసి, ప్రొద్దుగ్రుంకకమున్నే మందపు తెర దించుట మేలు. ఇల్లంతయు కాచుటకు బూనక, తలుపుసందులు గుడ్డతో మూసి యొక్కగదినే కాచుకొనవలయును. చల్లదనము నిచ్చు ఏ.సి. యంత్రమునే త్రిప్పి వేడి నిచ్చు జాతి దొరకిన, కాలిన విద్యుత్తునకు ఇంచుమించు మూడురెట్ల వేడిమి వచ్చును. తడిబట్టలు గదిలో నారవేసిన గోడలకు బూజు పట్టును, ఉబ్బసము రేగును. దినమునకు కొంతసేపు కిటికీ తెఱచి తేమను వెడలగొట్టవలయును.

బాలింతరాలి గదిలో నిప్పులకుంపటి పెట్టు మన యాచారము మాత్రము విమానమెక్కరాదు. గాలియాడని ఆ గదులలో బొగ్గుపొగయందలి విషవాయువు, వాసనయైన నీయక, నిద్రలోనే ప్రాణము తీయును.

ఇంటికి పొర వేసిన నేమగునో న్యూజిలండులోనే 1,350 కుటుంబములలో పరీక్షించి 2007 లో ప్రకటించిరి. పడకగది వేడిమి అరడిగ్రీయే పెరిగినది. అయినను తేమ తగ్గి, పిల్లలు బడి మానిన దినములు తగ్గినవి. 2019 జూలై 1 నుండి అచ్చట అద్దెయిండ్లకు, వీలున్నచోటనెల్ల, కప్పునకును నేలకును పొర నిర్బంధమైనది. మెల్‌బోర్నున్న విక్టోరియా రాష్ట్రమున 2021 మార్చినుండి క్రొత్తగా వ్రాసుకొన్న అద్దె ఒప్పందముల యిండ్ల ప్రధానపు గదిలో స్థిరమైన వేడియంత్రము ఉండితీరవలెనని విధి యేర్పడినది. ఈ సంగతి మనబిడ్డలలో పలువు రెఱుగరు. యజమానులు తామై చెప్పబోరు. అద్దెపత్రముపై సంతకము చేయకమున్నే కప్పులో పొర యున్నదా, యంత్రము పనిచేయుచున్నదా యని యడిగి వ్రాయించుకొనుడని ఇక్కడనుండి వ్రాయు తదుపరి జాబులో పెద్దలు తెలుపవచ్చును.